డ్రైవ్ స్లాట్‌లో పెట్టగానే ఫుటేజీ దానంతటదే కాపీ కావాలంటే

"షూట్ నుంచి వచ్చిన ఎస్‌ఎస్‌డీని ర్యాక్‌లోకి తోసేస్తే చాలు, ఫుటేజీ దానంతటదే సర్వర్‌లోకి వెళ్లిపోవాలి. అయిపోయాక ఫోన్‌కి మెసేజ్ రావాలి. ఎలా?" ఈ ప్రశ్న అడగని ఎడిటర్ నాకు ఇంతవరకు కనబడలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఆటోమేట్ చేయాల్సింది కాపీ చేయడాన్ని, కాపీని సరిచూడటాన్ని. డ్రైవ్ ఫార్మాట్ చేసే పని మాత్రం స్క్రిప్టుకి అప్పగించొద్దు. "కాపీ బాగానే అయింది కదా, ఖాళీ చేయడం కూడా అదే చేసేస్తే?" అని అడుగుతారు. వద్దు. స్క్రిప్టులో తప్పుంటే కాపీ మళ్లీ చేసుకోవచ్చు, చెరిపేసిన షాట్‌ని మళ్లీ తీయలేం.

లైనక్స్ మెషీన్ అనుకుని చెబుతున్నాను. మ్యాక్, విండోస్ వాళ్లకు చివర్లో కొంచెం ఉంది. స్క్రిప్టుని అక్షరం అక్షరం ఇవ్వడం లేదు. ఎవరో రాసిన స్క్రిప్టుని తెచ్చి మీ ఫుటేజీ మీద నడపడం కన్నా, ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో తెలుసుకుని మీరే రాసుకోవడం మేలు. మొత్తం కలిపితే ఓ 100 లైన్లు దాటదు.

కావలసినవి

- లైనక్స్ నడిచే కంప్యూటర్. పాతదైనా ఫరవాలేదు, కానీ ఎడిటింగ్ మెషీన్ కాకూడదు. రెండర్ నడుస్తుండగా హ్యాంగ్ అయిందని ఎవరో రీస్టార్ట్ కొడతారు, సగం కాపీ గాలిలో కలుస్తుంది.
- హాట్‌స్వాప్ బేలు, అంటే మెషీన్ ఆపకుండానే డ్రైవ్ పెట్టి తీయగలిగే స్లాట్లు. ట్రేతో జారే రకమైనా, ట్రే లేకుండా నేరుగా పెట్టే రకమైనా సరే.
- ఫుటేజీ చేరాల్సిన చోట్లు రెండు. ఒకటి సర్వర్ అయితే రెండోది వేరే డబ్బా. ఒకే రెయిడ్‌లో (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే అమరిక) రెండు ఫోల్డర్లు పెట్టి రెండు కాపీలని లెక్కేయొద్దు.
- యూపీఎస్.
- ఆర్‌సింక్ (కాపీ చేసేది), ఎక్స్ఎక్స్‌హ్యాష్ (కాపీని సరిచూడటానికి), స్మార్ట్‌మోన్‌టూల్స్ (డ్రైవ్ ఆరోగ్యం చూడటానికి). మూడూ ఉచితమే. యూడెవ్ (కొత్త డివైజ్ పెడితే గమనించేది), సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపేది) చాలా లైనక్స్‌లతో పాటే వస్తాయి.
- పోయినా బాధ లేని ఎస్‌ఎస్‌డీ ఒకటి, పరీక్షలకు. ఇది తప్పనిసరి.

నెట్‌వర్క్ గురించి ఒక లెక్క చూడండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి దాదాపు 110 ఎంబీ వెళ్తుంది. అంటే 1 టీబీ చేరడానికి రెండున్నర గంటలు. అదే సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి సెకనుకి 500 ఎంబీ చదవగలిగితే అరగంట పైన కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. రోజుకి రెండు మూడు టీబీలు వచ్చే స్టూడియో అయితే 10 గిగాబిట్‌కి మారండి. లేదంటే ముందు కాపీ మెషీన్‌లోనే ఉన్న వేగమైన డిస్క్‌లోకి దించి, అక్కడి నుంచి తాపీగా సర్వర్‌కి పంపండి. నాకు రెండో పద్ధతే ఇష్టం. కెమెరా వాళ్ల డ్రైవ్ త్వరగా ఖాళీ అవుతుంది.

ఇక పని మొదలుపెడదాం

1. హాట్‌ప్లగ్ నిజంగా ఆన్‌లో ఉందో చూడండి.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల్లో) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అయి ఉండాలి. హాట్‌ప్లగ్ ఆప్షన్ చాలా బోర్డుల్లో ఒక్కో పోర్టుకీ విడిగా ఉంటుంది. ఒక పోర్టుకి ఆన్ చేసి, మిగతావి కూడా అయిపోయాయి అనుకోవడం మామూలే. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో కెర్నల్ లాగ్‌ని (లైనక్స్ లోపల జరిగేవాటి చిట్టాని) స్క్రీన్ మీద పారనిచ్చి, పరీక్ష డ్రైవ్‌ని ఒక్కో బేలో పెట్టి తీయండి. పెట్టిన కొన్ని సెకన్లకే కొత్త డిస్క్ వచ్చినట్టు లైన్లు పడాలి. రీస్టార్ట్ చేస్తే తప్ప కనబడట్లేదంటే ఆ పోర్టుకి ఆప్షన్ ఆన్ కాలేదని అర్థం.

సాటా కనెక్టర్‌లో గ్రౌండ్ పిన్నుల్లో కొన్ని పొడుగ్గా ఉండి ముందు తగులుతాయి. కరెంటు ఉండగానే డ్రైవ్ పెట్టగలగడానికి కారణం అదే. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు లాగేయొచ్చని కాదు. పిన్నులకు ఏమీ కాకపోయినా ఫైళ్లకు అవుతుంది.

2. డ్రైవ్‌ని కాదు, బేని గుర్తుపట్టేలా పెట్టండి.

ఎక్కువ మంది బోల్తాపడేది ఇక్కడే. లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు డ్రైవ్‌లు వచ్చిన వరసని బట్టి మారిపోతాయి, వాటిని నమ్మకూడదని చాలామందికి తెలుసు. అందుకని యూయూఐడీని (ఫార్మాట్ చేసినప్పుడు పడే గుర్తింపు నంబర్) యూడెవ్ రూల్‌లో రాస్తారు. మొదటి రోజు చక్కగా పనిచేస్తుంది. మర్నాడు కెమెరాలో ఫార్మాట్ చేసి తెస్తారు, అంతే, స్క్రిప్టు ఉలకదు పలకదు. ఎందుకంటే ఫార్మాట్ చేసిన ప్రతిసారీ యూయూఐడీ కొత్తది పుడుతుంది.

మారనిది బే ఒక్కటే. ఏ కంట్రోలర్‌లో ఏ పోర్టు అనేది యూడెవ్‌లో ఐడీ పాత్ అనే విలువగా ఉంటుంది. డెవ్ కింద డిస్క్ ఫోల్డర్‌లో, బై-పాత్ అనే చోట చూస్తే ఆ పేర్లు కనబడతాయి. పరీక్ష డ్రైవ్‌ని ఒక్కో బేలో పెట్టి, ఏ బేకి ఏ పాత్ వస్తోందో కాగితం మీద రాసుకోండి. తర్వాత బేల మీద స్టిక్కర్లు వేయండి: ఎ కెమెరా, బి కెమెరా, సౌండ్. ఈ స్టిక్కర్ వల్ల ఇంకో లాభం ఉంది, బేని బట్టే ఫోల్డర్ పేరు తయారవుతుంది. అసిస్టెంట్ టైప్ చేయాల్సింది ఏమీ ఉండదు.

యూఎస్‌బీ డాక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. డాక్ కేబుల్‌ని వేరే పోర్టులోకి మారిస్తే పాత్ మారిపోతుంది. ఆ పోర్టు దగ్గర టేపు వేసి "తీయొద్దు" అని రాయండి.

3. డెస్క్‌టాప్ చేసే ఆటోమౌంట్‌ని ఆపండి.

మెషీన్‌లో డెస్క్‌టాప్ ఉంటే, డ్రైవ్ పెట్టగానే అదే ముందు దూకి, రాసే హక్కుతో సహా మౌంట్ చేసేస్తుంది, అంటే ఫైళ్లు వాడుకునేలా తెరిచేస్తుంది. మీ స్క్రిప్టుకీ దానికీ గొడవ మొదలవుతుంది. ఆ బేల పాత్‌లకు యూడిస్క్స్ ఇగ్నోర్ అనే గుర్తుని 1గా పెడితే డెస్క్‌టాప్ వాటి జోలికి రాదు. డెస్క్‌టాప్ లేని సర్వర్ అయితే ఈ అడుగు మీకు అక్కర్లేదు.

4. యూడెవ్ రూల్ రాయండి, కానీ కాపీని దానితో చేయించకండి.

రూల్‌లో ఉండాల్సిన షరతులు నాలుగు: సంఘటన యాడ్ కావాలి, సబ్‌సిస్టమ్ బ్లాక్ కావాలి, రకం పార్టిషన్ కావాలి, ఐడీ పాత్ మీ బేల్లో ఒకటి కావాలి. ఇక్కడ రన్ అని రాసి నేరుగా స్క్రిప్టుని పిలవాలనిపిస్తుంది. అలా చేస్తే స్క్రిప్టు కాసేపు నడిచి మధ్యలో చచ్చిపోతుంది. యూడెవ్ ఎక్కువసేపు నడిచే పనుల్ని బతకనివ్వదు. పైగా దాని లోపల నుంచి చేసిన మౌంట్ బయటి ప్రోగ్రాములకు కనబడకపోవచ్చు. "200 జీబీ డ్రైవ్‌లో కొన్ని క్లిప్పులే వచ్చాయి" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే.

సరైన దారి: రూల్‌లో సిస్టమ్‌డీ అనే ట్యాగ్ వేసి, సిస్టమ్‌డీ వాంట్స్ అనే విలువలో మీ సర్వీసు పేరు పెట్టండి. సర్వీసుని ఎట్ గుర్తు ఉన్న టెంప్లేట్‌గా రాయండి, రకం వన్‌షాట్ (ఒకసారి నడిచి ముగిసేది). అప్పుడు ఒకే ఫైలు అన్ని బేలకూ పనికొస్తుంది. బైండ్స్‌టూ అనే లైనులో ఆ డివైజ్ పేరు పెడితే, ఎవరైనా డ్రైవ్‌ని మధ్యలో లాగేసినప్పుడు సర్వీసు ఆగిపోతుంది.

5. స్క్రిప్టులో వరస ఇదీ.

ఎ. తాళం. ఎఫ్‌లాక్ కమాండ్‌తో ఒకేసారి ఒక కాపీయే నడిచేలా చూడండి. చేరాల్సిన చోట ఉన్నవి మామూలు హార్డ్‌డిస్కులైతే, రెండు డ్రైవ్‌ల కాపీ ఒకేసారి నడిపితే ఒకదాని తర్వాత ఒకటి చేసినదానికన్నా ఎక్కువ టైం పడుతుంది. రెండో డ్రైవ్ క్యూలో ఉంటుంది, నష్టమేమీ లేదు.

బి. రీడ్ ఓన్లీ మౌంట్. ముందు బ్లాక్‌డెవ్ కమాండ్‌తో ఆ డివైజ్‌ని రాయడానికి వీల్లేకుండా చేసి, తర్వాత రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి. ఎందుకీ రెండు తాళాలు అంటే, ఈఎక్స్‌టీ4 లాంటి జర్నల్ (చేయాల్సిన మార్పుల చిట్టా) ఉన్న ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ మౌంట్‌లో కూడా జర్నల్‌లో మిగిలిన మార్పుల్ని డిస్క్ మీద రాయడానికి చూస్తుంది. మొదటి తాళం దాన్ని ఆపుతుంది. దాంతో మౌంట్ ఫెయిలైతే, ఈఎక్స్‌టీ4కి నోలోడ్ అనే ఆప్షన్ జతచేయండి. ఎక్కువ కెమెరాలు వాడే ఎక్స్‌ఫ్యాట్‌తో ఈ తలనొప్పి లేదు, కెర్నల్ 5.7 నుంచి దానికి మంచి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. మ్యాక్‌లో ఏపీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసిన డ్రైవ్ వస్తే మాత్రం కెర్నల్ దాన్ని చదవలేదు. అలాంటప్పుడు స్క్రిప్టు మౌనంగా ఊరుకోకుండా "చదవలేకపోయాను" అని మెసేజ్ పంపాలి.

సి. రెండువైపులా మౌంట్ అయ్యాయా అని చూడండి. మౌంట్‌పాయింట్ అనే చిన్న కమాండ్ ఇందుకే ఉంది. దీన్ని వదిలేసి నేను ఒక రాత్రి బాగా దెబ్బతిన్నాను. సర్వర్ మౌంట్ ఊడిపోయి ఉంది, ఫోల్డర్ మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. స్క్రిప్టుకి తేడా తెలియదు కదా, వందల జీబీలు తీసుకెళ్లి కాపీ మెషీన్ సొంత డిస్క్‌లో కుక్కింది. డిస్క్ నిండిపోయి, పొద్దున వచ్చేసరికి మెషీన్‌లో లాగిన్ కూడా కాలేకపోయాను.

డి. చోటు చూడండి. డ్రైవ్‌లో ఉన్న డేటా సైజు, చేరాల్సిన చోట ఉన్న ఖాళీ. ఖాళీ సరిపోకపోతే మొదలే పెట్టొద్దు. "సగం వచ్చిన ఫుటేజీ" అనే మాట ఎడిట్ రూమ్‌లో వినబడకూడదు.

ఇ. ఫోల్డర్ పేరు. తేదీ, గంట నిమిషం సెకను, బే పేరు, డ్రైవ్ సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు. ప్రతి డ్రైవ్‌కీ, పెట్టిన ప్రతిసారీ కొత్త ఫోల్డర్. దీని వెనక కథ కింద తప్పుల్లో చెబుతాను.

ఎఫ్. కాపీ. ఫోల్డర్ పేరు చివర "జరుగుతోంది" అని అర్థమయ్యే తోక ఏదైనా తగిలించి, రెండు చోట్లా అందులోకి ఆర్‌సింక్ చేయండి. అంతా సరిచూశాకే ఆ తోక తీసేయాలి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం క్షణంలో పని. తోక లేని ఫోల్డర్ కనబడితే పూర్తయినట్టు, తోక ఉంటే ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం ఎడిటర్లందరికీ చెప్పండి.

డ్రైవ్ మొత్తం తీసుకోండి, వీడియో ఫైళ్లు మాత్రమే కాదు. సోనీ కార్డులో క్లిప్ పక్కనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది, పైన ఎం4రూట్ లాంటి ఫోల్డర్ల వరస ఉంటుంది. రెడ్ కెమెరాలో ఒక క్లిప్ చాలా ముక్కలుగా ఉంటుంది. ఈ చట్రం చెదిరితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మెటాడేటా పోతుంది, కొన్నిసార్లు ముక్కలు కలవవు. వదిలేయాల్సినవి డీఎస్ స్టోర్, స్పాట్‌లైట్, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటి చెత్త మాత్రమే.

6. సరిచూడటం.

ఆర్‌సింక్ తప్పు లేకుండా ముగిసింది కాబట్టి కాపీ బాగుంది అనుకుంటారు. ఆర్‌సింక్ పంపేటప్పుడు చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) చూస్తుంది, నిజమే. కానీ రాసినదాన్ని డిస్క్ నుంచి మళ్లీ చదివి చూడదు. ఆ పని మనమే చేయాలి.

అసలు డ్రైవ్‌లోని ప్రతి ఫైలుకీ ఎక్స్ఎక్స్‌హ్యాష్‌తో హ్యాష్ (అలాంటి సంఖ్యే) తీసి ఒక లిస్టు ఫైలులో పెట్టండి. ఎండీ5 కూడా పనిచేస్తుంది కానీ ఎక్స్ఎక్స్‌హ్యాష్ చాలా వేగం. అదే లిస్టుతో రెండు కాపీలనూ సరిచూడండి. లిస్టుని ఫుటేజీతో పాటే దాచండి, ఏడాది తర్వాత ఆర్కైవ్ నుంచి తీసినప్పుడు పనికొస్తుంది. క్లయింట్ ఎంహెచ్ఎల్ ఫైలు అడిగితే అది కూడా ఇలాంటి లిస్టే, రాసే పద్ధతి వేరు.

ఇక్కడొక మాయ ఉంది. ఇప్పుడే కాపీ చేసిన ఫైలుని వెంటనే చదివితే, అది డిస్క్ నుంచి కాకుండా ర్యామ్ నుంచి రావచ్చు. ర్యామ్‌లో బాగానే ఉంటుంది, అన్నీ సరిపోయాయి అని వస్తుంది. కాబట్టి సింక్ కొట్టి, క్యాష్ ఖాళీ చేసి, ఆ తర్వాతే సరిచూడండి. సర్వర్ మీది కాపీ అయితే ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకే వెళ్లి హ్యాష్ అక్కడే తీయించండి. నెట్‌వర్క్ మీద మళ్లీ అంతా లాగాల్సిన అవసరమూ ఉండదు. డిస్క్ వేగానికి మించి సరిచూడటం అయిపోతే అనుమానించండి. హార్డ్‌డిస్క్ మీదున్న 500 జీబీ 3 నిమిషాల్లో సరిచూడటం జరగని పని.

7. విడిపించి, చెప్పడం.

అన్‌మౌంట్ చేసి, ఆ డిస్క్‌ని పవర్ ఆఫ్ చేయించి, అప్పుడు మెసేజ్ పంపండి. మెసేజ్‌లో నాలుగు విషయాలుంటే చాలు: బే పేరు, ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీలు, రెండు కాపీలూ సరిపోయాయా లేదా. టెలిగ్రామ్ బాట్ అయినా, మెయిల్ అయినా సరే. ర్యాక్ పక్కన చిన్న స్క్రీన్ పెట్టి పెద్ద అక్షరాలతో "తీయొచ్చు", "తీయొద్దు" అని చూపిస్తే ఇంకా మంచిది. ఫోన్ చూసుకునే తీరిక లేనివాళ్లే డ్రైవ్‌లు లాగేది.

ఫెయిలైతే మెసేజ్ తప్పకుండా రావాలి. మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టే అని ఎవరూ అనుకోకుండా, మొదలైనప్పుడు ఒకటి, ముగిసినప్పుడు ఒకటి పంపండి.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

ఒకే పేరు క్లిప్పులు. రెండు కెమెరాలు, రెండింట్లోనూ మొదటి క్లిప్ పేరు సీ0001. మొదట్లో నేను రోజుకో ఫోల్డర్ మాత్రమే పెట్టి, ఉన్న ఫైలుని తిరగరాయకుండా ఇగ్నోర్ ఎగ్జిస్టింగ్ ఆప్షన్ వేశాను. ఎ కెమెరా డ్రైవ్ వెళ్లింది. బి కెమెరా డ్రైవ్ పెడితే 40 సెకన్లలో "పూర్తయింది" అని వచ్చింది. ఎంత వేగమో అని మురిసిపోయాను కూడా. ఒకే పేరున్న క్లిప్పులన్నిటినీ అది దాటేసింది, ఎ కెమెరాలో లేని చివరి రెండు క్లిప్పులే వెళ్లాయి. డ్రైవ్‌ని ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం. ప్రతి డ్రైవ్‌కీ కొత్త ఫోల్డర్ అని పైన అంత గట్టిగా చెప్పింది అందుకే.

డిలీట్ ఆప్షన్. ఆర్‌సింక్‌లో డిలీట్ అని వేస్తే, ఇటువైపు లేనిది అటువైపు చెరిపేస్తుంది. డ్రైవ్ మౌంట్ కాకపోతే ఇటువైపు ఏమీ లేదు. అటువైపు ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి. ఫుటేజీ స్క్రిప్టులో ఆ మాటే ఉండకూడదు.

దారి చివరి గీత. ఆర్‌సింక్‌లో మూలం పేరు చివర స్లాష్ ఉంటే లోపలి సరుకు వెళ్తుంది, లేకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. ఏదో ఒకటి ఎంచుకోండి, కానీ హ్యాష్ లిస్టులోని దారులు దానికి సరిపోవాలి. లేకపోతే ఒక్క ఫైలూ దొరకలేదని వందల లైన్ల ఎర్రర్ వచ్చి మీకు లేనిపోని టెన్షన్.

ఎర్రర్ నంబర్‌ని పట్టించుకోకపోవడం. ఆర్‌సింక్ 0 ఇస్తేనే సరిగ్గా ముగిసినట్టు. 23 అంటే కొన్ని ఫైళ్లు వెళ్లలేదు. ఆర్‌సింక్‌ని పైపుతో లాగ్‌కి కలిపితే స్క్రిప్టుకి అందేది చివరి కమాండ్ ఫలితం, ఆర్‌సింక్‌ది కాదు. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయడం మరవొద్దు.

నమ్మే ముందు పరీక్షలు

పరీక్ష డ్రైవ్‌లో 50 జీబీ పాత ఫుటేజీ వేసి, కావాలనే చెడగొట్టి చూడండి.

- కాపీ సగంలో డ్రైవ్ లాగేయండి. తోక ఉన్న ఫోల్డర్ అలాగే మిగలాలి, ఫెయిల్ మెసేజ్ రావాలి.
- సర్వర్ మౌంట్ ఊడదీసి డ్రైవ్ పెట్టండి. ఒక్క బైటు కూడా కాపీ కాకూడదు.
- రెండు డ్రైవ్‌లు ఒకేసారి పెట్టండి. ఒకటి ఆగి, మొదటిది అయ్యాక మొదలవ్వాలి.
- పూర్తయిన కాపీలో ఒక ఫైలు మధ్యలో ఒక్క బైటు మార్చి, సరిచూసే భాగాన్ని మాత్రం నడపండి. ఏ ఫైలు చెడిందో పేరుతో సహా చెప్పాలి. చెప్పకపోతే మీరు ఇంతవరకూ ఏమీ సరిచూడలేదన్నమాట.
- కాపీ ముందు, కాపీ తర్వాత పరీక్ష డ్రైవ్ మొత్తానికి హ్యాష్ తీసి పోల్చండి. తేడా వస్తే ఎక్కడో దాని మీద రాస్తున్నారు.

ఇవన్నీ దాటినా, రెండు వారాలు చేత్తో చేసే కాపీని కూడా కొనసాగించండి. రోజూ ప్రతి ఫోల్డర్‌లో మొదటి క్లిప్, చివరి క్లిప్ తెరిచి అటూ ఇటూ జరిపి చూడండి. హ్యాష్ సరిపోయినంత మాత్రాన కెమెరా సరిగ్గా రికార్డ్ చేసిందని కాదు. పాడైన క్లిప్‌ని కూడా ఆర్‌సింక్ నిజాయితీగా పాడైనట్టే తెస్తుంది.

మిగతా దారులు

మ్యాక్‌లో లాంచ్‌డీకి (స్క్రిప్టుల్ని దానంతటదే మొదలుపెట్టేది) స్టార్ట్ ఆన్ మౌంట్ అనే సెట్టింగ్ ఉంది, ఏ డ్రైవ్ మౌంట్ అయినా స్క్రిప్టుని లేపుతుంది. ఏ డ్రైవ్ అన్నది స్క్రిప్టే తేల్చుకోవాలి. విండోస్‌లో పని మొదలుపెట్టడానికి టాస్క్ షెడ్యూలర్, కాపీకి రోబోకాపీ. రోబోకాపీ ఎర్రర్ నంబర్లు తిక్కగా ఉంటాయి: 1 అంటే కాపీ బాగా జరిగిందని, 8 నుంచి ఫెయిల్ అని. 0 కాకపోతే తప్పే అని రాసుకుంటే బాగా జరిగిన ప్రతి కాపీకీ తప్పు అని మెసేజ్ వస్తుంది. అందులో మిర్ అనే ఆప్షన్, ఆర్‌సింక్‌లో డిలీట్‌కి అన్న వరస.

వారానికి రెండు మూడు డ్రైవ్‌లకు మించి రాని స్టూడియో అయితే, నన్నడిగితే ఇదంతా వద్దు. డావిన్సీ రిజాల్వ్‌లో మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, ఒకేసారి రెండు చోట్లకు చెక్‌సమ్‌తో కాపీ చేస్తుంది. డబ్బు పెట్టగలిగితే ఇదే పని చేసే ఆఫ్‌షూట్, షాట్‌పుట్ ప్రో, సిల్వర్‌స్టాక్ ఉన్నాయి.

ఇంక బేల సంగతి ఒకటి మిగిలింది. రోజూ పెట్టీ తీసీ కనెక్టర్లు అరుగుతాయి. నెలకోసారి స్మార్ట్‌సీటీఎల్‌తో డ్రైవ్‌లలో 199 నంబరున్న లైను, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (కేబుల్ దారిలో పాడైన డేటా లెక్క) చూడండి. అది ఒక డ్రైవ్‌లోనే పెరుగుతుంటే ఆ డ్రైవ్‌ని పక్కన పెట్టండి. ఒకే బేలో పెట్టిన డ్రైవ్‌లన్నిటిలో పెరుగుతుంటే తప్పు బేదో కేబుల్‌దో. ముందు కేబుల్ మార్చి చూడండి, నాకైతే ఎక్కువసార్లు దాంతోనే సరిపోయింది.